బుల్లమ్మ ఒక్కతే ఎక్కిన రాట్నం

ఒడిశాలోని బరంపురంలో అప్పడాలు ఒత్తే ఆడవాళ్ళలో బుల్లమ్మది పేరుపడ్డ చేయి. మొగుడు పోయాక ఆ పనితోనే కొడుకు నాగరాజును పెంచి పెద్దవాణ్ణి చేసింది. అరవై దాటాక కళ్ళకు పొరలు కమ్మాయి. పిండిలో పడ్డ వెంట్రుక కనబడక, ఒకసారి దుకాణం వాళ్ళు గంపెడు అప్పడాలు తిప్పి పంపేశారు. ఆమె మళ్ళీ పిండి ముట్టలేదు.

కోడలు అరుణ మంచి పిల్ల. అత్తను చేయి పట్టుకునే నడిపించేది, కంచంలో చేపముల్లు తీసి పెట్టేది. బుల్లమ్మ ఏదీ కాదనలేదు గానీ, రానురాను మాట తగ్గించేసింది.

మొన్న చలికాలంలో రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. చూపు తేటగా వచ్చింది. అయినా ఇంట్లో అలవాటు మారలేదు. వాకిట్లోకి వెళ్ళినా మనవరాలు అపర్ణ వెనకే వచ్చేది.

వేసవిలో ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చింది. రెండేళ్ళకోసారి వచ్చే పండుగ కదా, నలుగురూ బయలుదేరారు. దారిలో పులివేషాలు ఎదురయ్యాయి. చెమటకు కరిగిన పసుపురంగు, నల్లచారలు ఆమె నిలబడి చూసింది. జనం తోసుకొస్తున్నారని అరుణ చేయి పట్టి లాక్కుపోయింది. గాజుల కొట్టు దగ్గరా అంతే, బొమ్మల కొట్టు దగ్గరా అంతే.

మైదానంలో అపర్ణ ఐస్‌గోలా అడిగింది. అది అందుకోవడానికి అరుణ చేయి వదిలింది. తిరిగి చూస్తే అత్త లేదు.

చుట్టుపక్కల కొట్లన్నీ వెతికారు. నాగరాజు మైకు దగ్గరికి పరుగెత్తాడు. ఆమె పేరు ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి పిలిపించాడు. అరుణ ఏడుపు ఆపుకోలేకపోయింది. అప్పుడు అపర్ణ తలెత్తి, మామ్మ చీర అల్లదిగో అంది. పెద్ద రాట్నం పైకొసన, ఎర్రచీరతో, కమ్మీ పట్టుకుని కూర్చుని ఉంది బుల్లమ్మ.

రాట్నం ఆగింది. రేగిన జుట్టు సర్దుకుంటూ ఆమె దిగింది.

"సెప్పకుండా ఎల్లిపోతావేటమ్మా? పడిపోతే?" అన్నాడు నాగరాజు.

"సెప్తే ఎల్లనిత్తురేటి?"

బుల్లమ్మే మళ్ళీ అంది: "పైనుంచి కొండలు కనిపించాయిరా. అయ్యి అక్కడున్నాయన్న సంగతే మర్సిపోనాను."

తనవల్ల ఏం తప్పు జరిగిందని అరుణ అడిగింది. ముసలామె కోడలి కళ్ళు తుడిచింది.

"తప్పేటి లేదే తల్లీ. నువ్వు పట్టుకోబట్టే ఇన్నాళ్ళూ పడకుండా ఉన్నాను. ఇప్పుడు కళ్ళొచ్చాయి. సెయ్యి ఒగ్గీ."

వచ్చేటప్పుడు ఆమె అందరికంటే ముందు నడిచింది. ఆటోలు అడ్డొచ్చిన చోట అరుణ చేయి చాపబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఒకచోట చెప్పు కాలువ పలకల సందులో ఇరుక్కుని బుల్లమ్మ తూలింది. అరుణ కదల్లేదు. బుల్లమ్మే నిలదొక్కుకుని, చెప్పు లాక్కుని సాగిపోయింది. ఇంటికి చేరేదాకా పులివేషాల గురించి, రాట్నంలో తన పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్న మీసాల మనిషి గురించి చెబుతూనే ఉంది. ఆమె అంత మాట్లాడి చాలా ఏళ్ళయింది.

తరువాతి వారం ఆమె చికిటిలో ఉన్న అక్కను చూడ్డానికి వెళ్ళింది. ఇన్నేళ్ళూ అక్క పుణ్యవతే వచ్చి చూసిపోయేది. నాగరాజు బస్టాండు దాకా వస్తానన్నాడు, ఆమె వద్దంది. బస్సు ఏదో కండక్టర్‌ని ఒడియాలో అడిగి, కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చుంది.

గుమ్మంలో చెల్లెల్ని చూసి పుణ్యవతి వీధిలోకి తొంగి చూసింది. తోడు ఎవరొచ్చారని అడిగింది.

"నానే వచ్చాను" అంది బుల్లమ్మ, చెప్పులు విడుస్తూ.