గానం అన్నచోట ఖాళీ

కరీంనగర్‌లో ఒక చర్చిలో డ్రమ్స్ వాయిస్తాను. ముప్పై ఏళ్లు అందరి వెనక కూర్చున్నాక ఒక్కసారి ముందుకు రావాలనిపించింది. పెళ్లి బ్యాండులో సాక్సోఫోన్ ఊదే మిత్రుణ్ని, కీబోర్డు వాయించే ఇంకొకాయనను బతిమాలి ఏడు బాణీలతో జాజ్ ఆల్బమ్ చేశాను. జాజ్ అంటే కలిసి బయలుదేరి, ఎవరికి తోచిన దారిన వాళ్లు తిరిగి, మళ్లీ కలిసి ఇల్లు చేరడం. మా దాంట్లో దారి చూపేది డ్రమ్స్.

కవర్ బొమ్మ ఫ్లెక్సీ దుకాణంలో చేయించాను.

"పాడింది ఎవలన్నా?" అని అడిగాడు దుకాణం అతను.

"ఎవలూ పాడలే."

నాకేసి జాలిగా చూశాడు. 'గానం' అని రాసి, పక్కన ఖాళీ వదిలాడు. "రేపు ఎవలన్న దొరుకుతె రాసుకోవచ్చు" అన్నాడు. మనిషి నోరు తెరవనిదే పాట కాదని మా ఊళ్లో గట్టి నమ్మకం.

నెట్‌లో పెట్టాం. విన్నవాళ్లలో సగం మా బంధువులు, మిగతా సగం నేను. నాకు మాత్రం మా బాపు ఒక్కడు చివరిదాకా వింటే చాలు. చివరి బాణీ ఆయన కోసమే చేశాను. ఆ సంగతి చెప్పలేదు. చెబితే మొహమాటానికి వింటాడు. మూడుసార్లు ఫోన్ చేతికిచ్చాను. మూడుసార్లూ మొదటి బాణీ సగంలోనే ఆపి, "మంచిగనే ఉన్నది" అన్నాడు. కొత్త పాస్టర్ ప్రసంగం గురించి కూడా ఆయన ఇదే మాట అంటాడు.

పోయిన ఎండాకాలం చుట్టాల పెళ్లికి బాపును తీసుకుని ఇచ్చోడ వెళ్లాను. పందిట్లో సౌండ్ సిస్టం అతను వైర్లు బిగిస్తూ నా ఆల్బమ్ పెట్టాడు.

"ఇది నీకు యాడ దొరికింది తమ్మీ?"

"స్పీకర్లు చెక్ చేసేటందుకు గింత మంచిది ఇంకోటి లేదన్నా. గొంతు అడ్డం రాదు. మా సౌండోళ్లందరి కాడ ఉన్నది."

అంటే ఆ జిల్లాలో ప్రతి పెళ్లికీ నేను వాయిస్తున్నాను, జనం రాకముందు. ఒళ్లు మండింది. సంతోషం కూడా వేసింది. ఏం చేయాలో తెలియక నీళ్లు తాగాను.

వైర్లు పాతవి కావడంతో పరీక్ష చాలాసేపు సాగింది. మోకాళ్ల నొప్పితో బాపు కుర్చీలోంచి కదల్లేదు. ఏడో బాణీ వచ్చింది. చిన్నప్పుడు ఆయన నన్ను సైకిల్ మీద బడికి తీసుకుపోయేటప్పుడు వదులైన చైన్‌కవర్ చేసే చప్పుడే దాని తాళం. ఎక్కుడులో నెమ్మదిగా, దిగుడులో గడగడా. వైర్లు సరిపోయాయి కాబోలు, సౌండతను టక్కున ఆపేశాడు.

బాపు చెయ్యెత్తాడు.

"ఓ బిడ్డా, గట్ల ఆపుతవేంది? ఇంక బడి రాలే."

సౌండతనికి ముక్క అర్థం కాలేదు గానీ మళ్లీ పెట్టాడు. నేను ఆ ఖాళీ పందిట్లో అతని ముందే ఏడ్చేశాను.