ఎడమ రెక్క పక్కన ఖాళీ

నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ "నరం పట్టింది మేడం" అంటూనే గడప దాటుతారు. మెడ తిరగకపోయినా నరమే, పిక్క పట్టేసినా నరమే, నడుము వంగకపోయినా నరమే. నాకు ఒళ్లు మండుతుంది. నరం కాదు తల్లీ, కండ అని మొదలుపెడతాను. గోడకు తగిలించిన పటం ముందు నిలబెట్టి, మెడ వెనక నుంచి భుజాల దాకా, కిందికి వీపు సగం దాకా పరుచుకున్న పెద్ద కండను చూపిస్తాను. దాని పేరు ట్రెపీజియస్. దాని అడుగున, వెన్నెముకకూ రెక్క ఎముకకూ మధ్య ఏటవాలుగా ఉండేవి రాంబాయిడ్లు. రోజంతా వంగి బీడీలు చుట్టేవాళ్లకూ, మిషన్ కుట్టేవాళ్లకూ, ఫోన్ చూసేవాళ్లకూ ముందుగా మొరాయించేవి ఇవే. అన్నీ విని బుద్ధిగా తల ఊపుతారు. తీరా బోర్లా పడుకున్నాక, నా బొటనవేలు సరైన చోట తగలగానే, "అగో, గా నరమే మేడం" అంటారు.

కరీంనగర్‌లో ఈ మసాజ్ గది నడుపుతున్నాను. ఆడవాళ్లకు మాత్రమే. కబడ్డీ ఆడే పిల్లలు వస్తారు, పరుగు పందేల పిల్లలు వస్తారు, బడి పంతులమ్మలు వస్తారు. నొప్పి ఉన్నచోట కప్పులు బోర్లించి పెట్టించుకోవడానికి వచ్చే ముసలమ్మలు, చిన్నప్పుడు కడుపునొప్పి వస్తే తమ అవ్వ బొడ్డు మీద దీపం పెట్టి ముంత బోర్లించిన సంగతి చెబుతారు. ముస్లిం ఇళ్ల ఆడవాళ్లు దీన్ని హిజామా అంటారు, రక్తం తీస్తారా అని అడుగుతారు. నేను తీయను, నావి పొడి కప్పులు. లోపలి గాలి లాగేస్తే చర్మం పైకి లేస్తుంది, కాసేపు ఉంచి తీస్తే గుండ్రటి మచ్చ మిగులుతుంది. వారం పది రోజుల్లో అదే పోతుంది. ఈ మచ్చల గురించి రాద్దామని కూర్చున్నాను గానీ, నిజానికి రాస్తున్నది ఒక మనిషి గురించి.

ఆమె, నేను ఈ పని కలిసి నేర్చుకున్నాం. నాది బొగ్గు గనుల కాలనీ. మోకాలు దెబ్బతినేదాకా కబడ్డీ ఆడాను, తరువాత ఆటకు దగ్గరగా ఉండే పని ఏదైనా చాలనుకున్నాను. ఆమెది కాగజ్‌నగర్. అక్కడ కాగితం మిల్లు మూతపడ్డాక ఆమె భర్త గ్రానైట్ పనికి కరీంనగర్ వచ్చాడు, వెంట ఆమె వచ్చింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, రిటైరైన కోచ్ సారు ఒకాయన రెండు గదులు కిరాయికి తీసుకుని మసాజ్ నేర్పుతున్నాడని విని చేరింది. ఆ బ్యాచ్‌లో ఆడవాళ్లం మేమిద్దరమే. అందుకని ఆమె వీపు మీద నేను, నా వీపు మీద ఆమె నేర్చుకోవాల్సి వచ్చింది.

ముందు స్కెచ్ పెన్నుతో ఒంటి మీద కండలు గీయాలి. ఆమె గీస్తుంటే నాకు చక్కిలిగింత, మెలికలు తిరిగేదాన్ని. "సక్కగ పండుకో అక్కా, నీ రాంబాయిడు నడుముల దాక పోయింది" అనేది. నేను ఆమెకంటే రెండు మూడేళ్లు పెద్ద, అంతే. కానీ మొదటి రోజే అక్కా అంది, ఇక అదే ఖాయమైంది. గడియారం చూసే అలవాటు ఆమెకు లేదు. కప్పులు పెట్టి, ఆదివారం చర్చిలో పాడే పాటలు గొంతులోనే పాడుకునేది. రెండు పాటలు అయిపోతే కప్పులు తీసే వేళ అయినట్టు. సారు వాచీ చూసి ఎన్నిసార్లు పరీక్షించినా సరిగ్గానే ఉండేది, ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయేవాడు.

నా వీపు మీద ఎడమవైపు, రెక్క ఎముక లోపలి అంచు పక్కన, పెద్ద పుట్టుమచ్చ ఒకటి ఉంది. కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. పుట్టుమచ్చల మీద కప్పు పెట్టకూడదు. కాబట్టి ఆమె కుడివైపు వరసంతా పెట్టి, ఎడమవైపు ఆ ఒక్క చోటు వదిలేసేది. నెలల తరబడి ఆమెకు దొరికింది నా వీపు ఒక్కటే. చివరికి చేతికి అదే అలవాటైపోయింది. సారు బంధువు ఒకావిడ మీద మొదటిసారి పెట్టినప్పుడు కూడా ఎడమవైపు అదే చోట ఖాళీ వదిలింది.

"గా అమ్మకు మచ్చ లేదు గద బిడ్డా, గాడెందుకు ఇడిసిపెట్టినవ్?" అన్నాడు సారు.

ఆమె నాలుక కరుచుకుని నా వైపు చూసింది. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాను. ఆ తరువాత మేమిద్దరం కలిసి ఈ గది పెట్టుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆమె కప్పులు పెట్టిన ప్రతిసారీ నేను వెనకే నిలబడి దగ్గేదాన్ని, ఆమె ఉలిక్కిపడి ఖాళీ పూరించేది. పని అయిపోయాక సాయంత్రం ఒకరి మెడ ఒకరం నొక్కి చూసుకుని ఇళ్లకు పోయేవాళ్లం. నాకు పెళ్లి అచ్చిరాలేదు, అది వేరే కథ. అందుకని చెప్పుకోవడానికి నాకు ఆమె తప్ప ఎవరూ లేరు, ఆ లోటు కూడా అప్పట్లో తెలియలేదు.

మిల్లు మళ్లీ తెరుస్తారన్న మాట పుట్టింది. ఆమె రెండు రోజులు ఏదో చెప్పబోయి మింగేసింది. మూడో రోజు కప్పులు కడుగుతూ చెప్పింది.

"మిల్లు చాలు అయిందట అక్కా. మా ఆయనను రమ్మంటుండ్రు."

"మంచిదే గద. ఆడ గూడ ఓ గది జూసుకో. నేను అస్త అప్పుడప్పుడు."

"మా అత్త ఒప్పదక్కా. మంది ఒళ్లు పట్టుడు ఏం పని అంటది."

"మరి నువ్వేమంటవ్?"

"నేనేమంట?" అంది. కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

నాకు ఆమె అత్త మీద కాదు, ఆమె మీదే కోపం వచ్చింది. ఇంత మంచి చెయ్యి పెట్టుకుని నేనేమంట అంటుందా అని. అయినా బస్టాండుకు వెళ్లాను, సామాను ఎక్కించాను, బస్సు కదిలాక కిటికీ పక్కన కొంచెం దూరం నడిచాను.

కొన్నాళ్లు ఫోన్లు నడిచాయి. తరువాత ఒకటి రెండుసార్లు ఆమె భర్త ఎత్తి, ఇంట్లో లేదన్నాడు. చివరిసారి ఆమే చేసింది, గొంతు తగ్గించి మాట్లాడింది. "ఇగ నువ్వు చెయ్యకు అక్కా. ఫోను ఇంట్ల అందరి చేతుల ఉంటది. నేనే చేస్త. ఫికర్ జెయ్యకు." నేను సరే అన్నాను. ఆమె చేయలేదు. ఏడాది తరువాత మాట తప్పి నేనే చేస్తే, ఆ నంబరు వాడుకలో లేదని ఫోన్‌లో వినిపించింది.

ఒకసారి పెద్దపల్లి దాకా పోయాను. కాగజ్‌నగర్ పోయే రైలు వచ్చింది. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఒకటే ఆలోచన. అక్కడ దిగి ఎవరినడగాలి? ఇల్లు దొరికితే ఆమె అత్తకు ఏమని చెప్పుకోవాలి? నేనే చేస్త అన్న మనిషి గడపలో పిలవకుండా వెళ్లి నిలబడితే ఆమె ముఖం ఎలా మారుతుందో ఊహించుకుంటే అడుగు పడలేదు. రైలు పోయింది. చాయ్ తాగి, తిరుగు బస్సులో దారి పొడవునా ఆమెను తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ బెంగే అని ఇప్పుడు రాస్తుంటే ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆమె లేక గదిలో నాకు ఊపిరి ఆడేది కాదు. ఎవరి వీపు మీద కప్పులు పెట్టినా వెనక నిలబడి దగ్గాలనిపించేది, కానీ పెట్టేది నేనే.

నిరుడు చలికాలంలో కాలేజీ పిల్లల ఆటల సెలక్షన్లు కరీంనగర్‌లో జరిగాయి. ఆడపిల్లలకు మసాజ్ చేయడానికి నన్ను పిలిచారు. స్టేడియం పక్క గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం జావెలిన్ విసిరే అమ్మాయి ఒకతె వచ్చింది. డిగ్రీ చదువుతోంది, ఎడమచేతి వాటం. ఎడమ భుజం వెనక లాగుతోందంది. "నరం మేడం" అనబోయి, గోడకు పటం లేకపోయినా నా ముఖం చూసి ఎందుకో ఆగిపోయింది. బోర్లా పడుకుని టీషర్టు పైకి జరుపుకుంది.

వీపు మీద కప్పుల మచ్చలున్నాయి. మూడు నాలుగు రోజులవి, రంగు ఇంకా వదలలేదు. కుడివైపు వరస నిండుగా ఉంది. ఎడమవైపు పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో రెక్క ఎముక పక్కన ఖాళీ.

నేను వంగి చూశాను. పుట్టుమచ్చ లేదు. గాయం లేదు, పొక్కు లేదు, నున్నటి చర్మం. వేలితో నొక్కితే ఆ పిల్ల మూలిగింది. నొప్పంతా ఉన్నది సరిగ్గా అక్కడే. ఎడమ చేత్తో విసిరే పిల్లకు ఎవరైనా మొదటి కప్పు పెట్టేది ఆ కండ మీదే. దాన్ని వదిలిపెట్టే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది.

"ఎవలు పెట్టిండ్రు బిడ్డా గివి?" అన్నాను.

"మా కాగజ్‌నగర్ల ఒక అక్క మేడం. ఇంట్ల వాళ్ల అత్త లేనప్పుడు మా ఇంటికొచ్చి పెడతది. ఎవలకు చెప్పద్దంటది."

"కప్పులు పెట్టి పాటలు పాడుతదా?"

ఆ పిల్ల, ముఖం ఆనించుకునే బల్ల రంధ్రంలోంచి తల పైకెత్తింది. "మీకెట్ల ఎరుక మేడం?"

ఒక్క ఫోన్ చేయకుండా ఇన్నేళ్లు గడిపిన మనిషి, ఎవరెవరి వీపుల మీదో నా పుట్టుమచ్చకు చోటు వదులుతూ వచ్చింది. ఏడుపు వచ్చింది. కోపం కూడా వచ్చింది, ఇంత గుర్తున్నదానివి ఒక్క మాట మాట్లాడితే ఏం పోయేదే అని. ఆమె నంబరు అడుగుదామన్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఫోన్ ఎవరు ఎత్తుతారో, దొంగచాటుగా చేసుకుంటున్న ఆ కాస్త పని కూడా నా వల్ల ఎక్కడ బయటపడుతుందో అని భయమేసింది.

సంచీలోంచి ఒక కప్పు తీశాను. "గీడ ఒకటి పెట్టాలె బిడ్డా. నీ నొప్పికి అవసరమే. కానీ నాకూ ఒక అవసరం ఉన్నది. ఊరికి పోయినంక ఆ అక్కకు చూపిస్తవా?"

"పెట్టుండ్రి మేడం. ఏమని చెప్పాలె?"

"ఏం చెప్పకు. చూపించు."

ఖాళీ చోట ఒకే ఒక కప్పు పెట్టాను. గాలి లాగాను. గుండ్రంగా, నిండుగా మచ్చ పడింది. అక్కడ కప్పు లేదని వెనక నిలబడి గుర్తుచేసే మనిషిని నేనొక్కదాన్నే, చూడగానే ఆమెకు తెలిసిపోతుంది.

మచ్చ ఎలా మాసిపోతుందో నాకు బాగా తెలుసు. ముందు కమిలిన ఎరుపు, తరువాత గోధుమ రంగు, అంచులు పచ్చబడి మెల్లగా చర్మంలో కలిసిపోతుంది. పొద్దున లేవగానే ఇవాళ ఆ మచ్చ ఏ రంగులో ఉంటుందో లెక్క వేసుకునేదాన్ని. ఆ పిల్ల చూపించిందో లేదో. సిగ్గుపడిందేమో, మరిచిపోయిందేమో. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే చేతుల నూనె తుడుచుకోకుండానే ఎత్తేదాన్ని. బ్యాంకు లోన్లవాళ్లు తప్ప ఎవరూ మాట్లాడలేదు. మచ్చ పూర్తిగా పోయే రోజులు కూడా దాటిపోయాయి. ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చినవాళ్లు నరం అన్నందుకు మామూలు కంటే ఎక్కువ తిట్లు తిన్నారు.

ఎండలు ముదిరాక ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది, ఈసారి నేరుగా నా గదికే. తరువాతి పోటీలకు ఎంపికైందట. వచ్చీ రాగానే బల్ల మీద పడుకుంది. వీపు మీద ఈసారి మచ్చలేవీ లేవు. అరచేతిలో నూనె పోసుకున్నాను గానీ ఆగలేకపోయాను.

"చూపించినవా?"

"చూపించిన మేడం. బట్ట జరిపి చూసింది. గాడ చెయ్యి పెట్టింది, చానసేపు తియ్యలే. నాకు నొస్తదేమోనని పెట్టిందనుకొని నొస్తలేదక్కా అన్న. అయినా తియ్యలే."

నూనె వేళ్ల సందుల్లోంచి నేల మీదికి కారుతోంది. "ఏమన్న చెప్పమన్నదా?"

"చెప్పుమనలే. ఒకటి అడిగి రమ్మన్నది."

"ఏమని?"

"సాయంత్రం పనైనంక మీ మెడ ఎవలు చూస్తుండ్రు అని."

నేను ఆ పిల్ల వీపు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను. ఆ పిల్ల ముఖం కిందికి పెట్టుకునే మెల్లగా అడిగింది.

"నేను రేపే పోతున్న మేడం. ఏమని చెప్పాలె?"

"ఎవ్వలు చూస్తలేరని చెప్పు," అన్నాను.