సింహాచలం మెట్ల మీద మా బావ

గుండెపోటు వచ్చి కోలుకున్నాక, సింహాచలం మెట్లన్నీ నడిచే ఎక్కి అప్పన్నను చూస్తానని మొక్కుకుని, పట్టుబట్టాను. ఏడాదిగా నాచేత రోజూ నడిపిస్తున్న డాక్టరు ఒప్పుకున్నాడు. "ఆగి ఆగి ఎక్కండి. ఆయాసం వస్తే కూర్చోండి" అన్నాడు.

విజయనగరంలో తెల్లవారుజామున పాసింజరు ఎక్కి, ఏడు దాటాక సింహాచలం స్టేషన్లో దిగాను. అక్కయ్య భర్త సన్యాసిరావు గోపాలపట్నం నుంచి వచ్చి కాచుకుని ఉన్నాడు. పోర్టులో కళాసీ, బస్తాలు మోసి గట్టిపడిన ఒళ్ళు.

"పైదాకా బస్సుంది కదా. ఈ గుండెతో మెట్లేటి?" అన్నాడు బావ.

"నాను నడిసే ఎల్తాను."

ఇడ్లీ తిని, బస్సులో అడివివరం చేరి, మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టాం. బావ చకచకా ముందుకు వెళ్ళిపోయాడు. నా ముందు ఒక పెద్దావిడ ప్రతి మెట్టుకూ పసుపు రాసి, బొట్టు పెడుతూ ఎక్కుతోంది. వంగడం, లేవడం, ఇంకో మెట్టు. ఆమె వెనకే నడిచాను.

"అలుపు రాదా అమ్మా?"

"పరిగెత్తితే వత్తాది బాబూ. ఇలాగైతే ఎందుకొత్తాది?"

డాక్టరు చెప్పిందీ ఇదే కదా అనుకున్నాను.

సగం కొండ ఎక్కేసరికి బావ మెట్టు మీద కూలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఎడమ చెయ్యి పిసుక్కుంటున్నాడు.

"ఏటైంది బావా?"

"ఏటీ నేదు. ఇడ్లీ అరగనేదు. పద, ఎక్కుదాం."

నాకు పోటు వచ్చినరోజు నేనూ అజీర్తి అనే అన్నాను. "కదలకు" అన్నాను.

"మరి నీ మొక్కు?"

"కొండ ఎక్కడికీ పోదు. నువ్వు ముందు కిందికి దిగాల."

లేవబోతుంటే భుజాలు పట్టి ఆపాను. పెద్దావిడ పసుపు పళ్ళెం పక్కన పెట్టి కొంగుతో విసిరింది. నా కేకలకు దిగుతున్న భక్తులు ఆగారు. దగ్గరి దుకాణంలోంచి కుర్చీ తెచ్చి, అందులో కూర్చోబెట్టి మోశారు. ఒక్క మెట్టు మీద కూడా ఆయన్ని కాలు మోపనివ్వలేదు. కింద టాక్సీ దొరికింది.

"నడిపించకుండా తెచ్చారు, మంచిపని చేశారు" అన్నాడు ఆసుపత్రి డాక్టరు. కబురందుకుని వచ్చిన అక్కయ్య నా చెయ్యి పట్టుకుని సాయంత్రందాకా వదల్లేదు.

బావకు ప్రమాదం తప్పిందన్నాక తిరుగు రైలెక్కాను. ఆ మెట్లు గుండెకు మేలు చేసేవే. కానీ బలముందని పరిగెత్తకండి, తోడు లేకుండా ఎక్కకండి. బావ నడవగలిగాక ఇద్దరం మళ్ళీ వెళతాం. అది ఖాయం.

ఎదురు సీట్లో గుండు చేయించుకున్న రైతు పలకరించాడు. "దర్శనం బాగా అయిందేటి బాబూ?"

"అవలేదు. సగంలో దిగిపోయాం. మా బావకు గుండెపోటు."

"ఇప్పుడెలాగున్నాడు?"

"బతికాడు."

ఆయన ఆకు పొట్లం విప్పి, ప్రసాదం పులిహోర నా దోసిట్లో పెట్టాడు.