నీళ్ళ సూది

కొత్తపేటలో బస్సెక్కేటప్పుడు అక్క నా సంచి తనే పట్టుకుంది. నా చేతులు అంతగా వణుకుతున్నాయి. ఎనభైల మొదట్లో సంగతి ఇది. అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. ఆ ఊళ్ళోనే ఒక డాక్టరుగారి దగ్గర పదేళ్ళు కంపౌండరుగా పనిచేశాను. పొద్దున్నే నోట్లోంచి సారా వాసన వస్తోందని ఆయన నన్ను పనిలోంచి మానిపించి అప్పటికి వారమైంది.

అక్క పక్క ఊరి మిషన్ బడిలో టీచరు. అమ్మ పోయాక నన్ను పెంచి చదివించింది తనే. గోదావరి అవతల తాగుడు మాన్పించే ఆసుపత్రి ఒకటుందని ఎవరో చెబితే బడికి నెల రోజులు సెలవు పెట్టింది. రోగితో పాటు ఇంటి మనిషి ఒకరు ఉండాలన్నది అక్కడి నియమం. తన చీరలు వేరే సంచిలో సర్దుకుంది.

బస్సు రావులపాలెం వంతెన మీద వెళ్తుంటే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తర్వాత నా భుజం తట్టి, "ఎంతమంది సారా మానలేదూ? ప్రభువు చూసుకుంటాడ్రా" అంది. నేను కిటికీలోంచి నీళ్ళకేసి చూశాను. తనకి తెలిసింది సారా ఒక్కటే.

తాగుడు మాన్పించే వార్డు ఆసుపత్రి వెనకాల పెంకుల కప్పు వేసిన పొడుగాటి కట్టడం. గుమ్మం దగ్గర ముసలి అటెండరు లేచి నిలబడి, "సంచి ఓసారి చూడాలండి. ఏమీ అనుకోకండేం" అన్నాడు. చొక్కాలు తీశాడు, తువ్వాలు తీశాడు, అక్క పెట్టిన బైబిలు తీసి పక్కన జాగ్రత్తగా పెట్టాడు. చివరికి పౌడరు డబ్బా చేతిలోకి తీసుకుని ఊపి చూశాడు. మూత తీసి కాగితం మీద బోర్లించాడు. తెల్లటి పౌడర్లోంచి నాలుగు చిన్న గాజు సీసాలు, గుడ్డలో చుట్టిన సిరంజి బయటపడ్డాయి.

"ఏంట్రా ఇవి?" అంది అక్క.

"బలానికక్కా" అన్నాను.

అటెండరు వాటిని తీసుకెళ్ళి లోపల డాక్టరు బల్ల మీద పెట్టాడు.

డాక్టరు నాకంటే చిన్నవాడు. సీసా మీద పేరు చదివి అక్కని కూర్చోమన్నాడు. "ఇది పెథిడిన్ అండి. ఆపరేషన్లకీ, ఎముకలు విరిగినవాళ్ళకీ నొప్పి తెలియకుండా చేస్తారు" అని, నాకేసి తిరిగాడు. "ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్ళండి."

"పనిచేసే చోటునుంచేనా? ఒకటీ అరా పోతే అక్కడి డాక్టరుగారికి తెలియదా?"

"ఖాళీ సీసా చూపిస్తే చాలండి."

అతను రాస్తున్నవాడల్లా ఆగాడు. "మరి రోగికి ఏం చేసేవారు?"

నేను బల్ల మీది సీసాలకేసి చూశాను. అతను మళ్ళీ అడిగాడు.

"నీళ్ళండి. డిస్టిల్డ్ వాటరు."

అక్క కుర్చీలోంచి ముందుకి వంగింది. "ఆయనక్కూడానా?"

ఆయనెవరో నాకు తెలుసు. కిందటి వానాకాలం కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్న మనిషి. అక్క వెళ్ళే చర్చికే ఆయనా వచ్చేవాడు. వరదకి కాకినాడ దారి మునిగి, తీసుకెళ్ళడం కుదరక మూడు రోజులు మా డాక్టరుగారి దగ్గరే ఉంచారు. బడి వదలగానే అక్క వచ్చి ఆయన పక్కన కూర్చునేది.

"ఆయనక్కూడానక్కా."

"నేను నిన్ను బతిమాలేను కదరా. చూళ్ళేకపోతున్నాను, ఇంకోటి చెయ్యరా తమ్ముడూ అన్నాను. నువ్వు లోపలికెళ్ళి సూది పట్టుకొచ్చేవు. చేసేవు. తగ్గుతుంది బాబాయ్ అని నేను ఆయన చెయ్యి పట్టుకు కూర్చున్నాను."

తను ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. డాక్టరుని అడిగింది: "నేనుండకపోతే చేర్చుకోరాండీ?"

అతను నన్నోసారి చూసి, "చేర్చుకుంటాం లెండి" అన్నాడు.

అక్క సంతకం పెట్టింది. తన సంచి తను తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, "నేనుండలేన్రా" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి రోజులు సరిగ్గా గుర్తులేవు. కాళ్ళు మెలితిరిగిపోయేవి. ఎండాకాలంలో రెండు దుప్పట్లు కప్పుకుని వణికాను. తిన్నదల్లా కక్కుకున్నాను. మూడో రోజో నాలుగో రోజో నర్సమ్మ సూదితో వస్తే ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను.

"దాంట్లో ఏముందండీ? సీసా చూపించండి."

"మందేనండి. ఇంకేముంటుంది?" అందావిడ, ఆశ్చర్యంగా.

చెయ్యి వదిలేశాను. గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ నొప్పికి చచ్చిపోతే బాగుండునని అప్పుడు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

నలభై రోజుల తర్వాత ఒక్కణ్ణే బస్సెక్కి అక్కింటికి వెళ్ళాను. అన్నం పెట్టింది. తింటుంటే, "ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. వెళ్ళి నీ నోటితో చెప్పు" అంది. "వెళ్తానక్కా" అన్నాను. వెళ్ళలేదు. అంబాజీపేటలో ఎండుకొబ్బరి గోడౌన్లో పనికి కుదిరాను. క్రిస్మస్‌కి అడిగింది, ఈస్టరుకి అడిగింది. వచ్చేవారం వెళ్తానన్నాను. ఒకసారి ఆయన వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను కూడా.

మరో రెండేళ్ళకి ఆయన పోయాడు. ఆ కబురు అక్క చెప్పలేదు. లారీకి కాయలెత్తేవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. ఆ సాయంత్రమే మళ్ళీ సారా తాగాను. ఏడాది పాటు తాగుతూనే ఉన్నాను. గోడౌన్ వాళ్ళు కూడా పొమ్మన్నాక, మళ్ళీ అదే వార్డుకి వెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డాను.

ఈసారి నాలుగు నెలలున్నాను. ఆ తర్వాత తాగలేదు, సూది ఏనాడూ ముట్టలేదు. ఆ నాలుగు నెలల్లో అక్క ఒక్కసారి చూడ్డానికొచ్చింది. వరండాలో బెంచీ మీద గంటసేపు కూర్చుంది. బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చేరనీ, తనకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయనీ చెప్పింది. ఆయన మాట తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బస్సు వేళైందని లేచింది.