జాకీ ఒరిగిన రోజు అమ్మ గెలిచింది

ఈ రోజు హిందూపురంలో ఒక మెకానిక్ షెడ్డు ముందు ఆగాను. గ్రీజు, డీజిలు కలిసిన వాసన తగలగానే లేపాక్షిలో మా ఇంటి ముందుండే నాయన జీపు గుర్తొచ్చింది. దాని వెనక మెట్టు మీద వేలాడుతూ బడికి పోయేవాళ్లం. నాతో చదువుకున్న మిత్రులారా, మీకూ గుర్తుందా?

ఒక ఆదివారం నాయన జాకీతో జీపు వెనక భాగం లేపి, కిందకు దూరబోయాడు. అమ్మ అడ్డం నిలబడింది.

"ఒట్టి జాకీని నమ్మి యాడికి దూరతాండావు? చింతచెక్క దిమ్మెలు పెట్టినాకే పో."

"రెండు నిమిషాల పనే, పక్కకు జరుగు."

"జరగను."

నాయన విసుక్కుంటూనే ముందు చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, వెనక ఇరుసు కింద రెండు పక్కలా దిమ్మెలు పేర్చాడు. కాసేపటికి ఆయన కింద బోల్టు బిగిస్తుంటే, మెత్తటి నేలలో జాకీ ఒరిగిపోయింది. జీపు ధన్‌మని దిమ్మెల మీద కూర్చుంది. నేను కెవ్వున అరిచాను.

నాయన దుమ్ము కొట్టుకున్న మొహంతో పాకుతూ బయటికొచ్చాడు. ఒంటిమీద గీత కూడా పడలేదు. అమ్మ చేయి పట్టుకుని వీధంతా వినేలా చెప్పాడు.

"చూడండప్పా! నన్ను బతికించింది ఈయమ్మే!"

ఆ సాయంత్రం అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, హారను కొడుతూ ఊరంతా తిప్పాడు. అమ్మ సిగ్గుపడుతూనే అందరికీ చేయి ఊపింది.