మోషే కొట్టేసిన తేదీ

అల్వాల్‌లోని ఒక ప్రెస్సులో మోషే ముప్పై రెండేళ్లు గోడ క్యాలెండర్లకు రేకు పట్టీలు బిగించాడు. చదివింది ఏడో తరగతి. కానీ అన్నేసి తేదీలు చేతిలోంచి పోతుంటే, ఏ రోజున ఏం జరిగిందో తెలుసుకోకుండా ఉండలేకపోయాడట. పాత పేపర్లలో, రేడియోలో, ఎవరి నోటనైనా సరే, తేదీతో ఒక సంగతి వినిపిస్తే రాసి పెట్టుకునేవాడు. అట్లా మూడు నోటుబుక్కులు నిండాయి.

ఇప్పుడు ఆయనకు అరవై ఎనిమిది. మేడ్చల్‌లో వాళ్ల చర్చిలో ప్రతి ఆదివారం, ఆ వారంలో పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఉన్నవాళ్ల పేర్లు చదివేది ఆయనే. పేరు వినబడినవాళ్లు ముందుకు వెళ్లి కానుక కవరు పళ్లెంలో పెట్టి తల వంచితే, అయ్యగారు ప్రార్థన చేస్తారు. పేర్లయ్యాక మోషేకు మరో రెండు నిమిషాలు. ఆ వారం తేదీల్లో లోకంలో ఏమేం జరిగాయో చెబుతాడు. రెండు నిమిషాలన్నది అయ్యగారి లెక్క. మోషే లెక్కలో అవి ఆరేడు.

ఈ ఏప్రిల్ పన్నెండు, ఆదివారం కోసం ఆయన నెల ముందు నుంచే ఎదురుచూశాడు.

"ఏడాది మొత్తంల గిసొంటి వారం ఇంకోటి లేదు సార్," అన్నాడు పక్కింట్లో ఉండే నాతో, వేళ్లు మడుస్తూ. "పన్నెండుకు మనిషి మొదటిసారి ఆకాశం దాటిండు. పదమూడుకు జలియన్‌వాలాబాగ్. పద్నాలుగు అంబేద్కర్ సారు జయంతి. పదిహేనుకు టైటానిక్ మునిగింది. పదహారుకు మన దేశంల మొదటి రైలు. పద్దెనిమిదికి మన పోచంపల్లిల భూదానం. చెప్పనీకి ఒక్క పూట సాలదు."

"మరి పదిహేడు?" అన్నాను.

మడిచిన వేళ్లు విప్పేశాడు. "గదే పరేషాన్."

పదిహేడు చర్చి రిజిస్టరులో ఉంది. శామీర్‌పేట గిడియోన్, ఎలీషమ్మల పెళ్లిరోజు. గిడియోన్ పోయిన నవంబరులో చనిపోయాడు. ఆలుమగల్లో ఒకరు పోతే పెళ్లి తేదీ మీద గీత కొట్టెయ్యడం ఆ రిజిస్టరు మొదలైనప్పటి నుంచీ ఉన్న పద్ధతి. ఐదు నెలలుగా మోషే ఆ గీతను వాయిదా వేస్తూ వచ్చాడు. చదివితే ఆమె అందరి ముందూ ఏడుస్తుందేమో. చదవకపోతే ఏమనుకుంటుందో.

"పోయి అడుగరాదు," అంది ఆయన భార్య రేచల్. "శామీర్‌పేట ఎంత దూరం?"

"ఎట్లడుగుతనే? నీ మొగుడు లేడు గదా, పేరు సదువాల్నా వద్దా అని అడుగాల్నా?"

"టైటానిక్‌ల ఎందరు మునిగిన్రో ఎరుకే గని, మనిషిని ఒక మాట అడుగుడు ఎరుకలేదు నీకు."

మోషే అడగలేదు. శనివారం సాయంత్రం స్కేలు పెట్టి గీత కొట్టేశాడు. పద్ధతి పద్ధతే అనుకున్నాడు. అట్లా అనుకోవడం సులువు కూడా.

ఆదివారం ఎలీషమ్మ జరీ అంచు తెల్లచీర కట్టుకొచ్చి, ముందు వరుసలో ఒక చివరన కూర్చుంది. చేతిలో కవరు. మోషే పేర్లు చదివాడు. ఇద్దరు పిల్లల పుట్టినరోజులు, ఒక కొత్త జంట. ఆమె చేతిలో కవరు చూశాడు గానీ, ప్రతివారం వేసే కానుకే అనుకున్నాడు. ఆ తర్వాత ఆకాశం, ఓడ, రైలు ఒక్కటీ వదలకుండా చెప్పాడు. అయ్యగారు రెండుసార్లు దగ్గారు.

ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటుంటే ఎలీషమ్మ ఆయన్ని గుమ్మం దగ్గర ఆపింది.

"వందనాలు మోషే. మస్తు చెప్పినవ్. మునిగిన ఓడకు తారీకుంది, రైలుకుంది. నాకే లేకపాయె."

"అక్కా, అది... అన్న లేడు గదా అని, పద్ధతి ప్రకారం..."

"మనిషి పోతే పెండ్లి గూడ పోతదా? నలభై ఆరేండ్లాయె. గా ఓడల పోయినోళ్లేమన్న బతికున్నరా, నువ్వు ఏటేట సదువుతవ్?"

"వచ్చే ఐతారం సదువుత అక్కా, తప్పకుంట."

"తారీకు దాటినంక సదువుడేంది? గిదేమన్న కరెంటు బిల్లా?" కవరు సంచిలో పెట్టుకుని ఆమె బస్సుకు వెళ్లిపోయింది.

శుక్రవారం, పదిహేడున, మోషే అయ్యగారిని అడిగి రిజిస్టరు తీసుకుని, రేచల్‌తో కలిసి శామీర్‌పేట వెళ్లాడు. ఎలీషమ్మ తలుపు తీసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. మోషే గుమ్మంలో నిలబడే ఆ పేజీ తెరిచి చూపించాడు.

"తప్పు నాదే అక్కా. నిన్ను అడుగక కొట్టేసిన."

ఆమె వంగి చూసింది. "స్కేలు వెట్టి మరీ కొట్టినవ్!"

రేచల్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఎలీషమ్మ పక్కకు జరిగి దారిచ్చింది.

లోపల కూర్చుని మోషే ఆ తేదీని కొత్త వరుసలో మళ్లీ రాశాడు. చర్చిలో లాగే లేచి నిలబడి చదివాడు. "పంతొమ్మిది వందల ఎనభై, ఏప్రిల్ పదిహేడు, గురువారం. గిడియోన్‌కూ ఎలీషమ్మకూ పెళ్లి." అంతే, ఆగిపోయాడు. మొదటి రైలుకు ఎన్ని పెట్టెలో, ఎందరు ఎక్కారో చెప్పే మనిషి. ఈ పెళ్లి గురించి మాత్రం ఆయనకు ఇంకొక్క ముక్క తెలియదు.

"గంతేనా?" అంది ఎలీషమ్మ.

"నువ్వే చెప్పాలె అక్కా."

చెప్పింది. అల్వాల్‌లో పెళ్లి. శామీర్‌పేట నుంచి మగపెళ్లివాళ్లు లారీలో బయల్దేరితే తూంకుంట దగ్గర టైరు పంక్చరైంది. గిడియోన్ అడిగి తెచ్చుకున్న కోటు చేతులు మోచేతుల దాకానే వచ్చాయి. దాన్ని కిందికి లాక్కుంటూనే ప్రమాణాలు చెప్పాడట. అక్కడ ఆమెకు కళ్ల నీళ్లు కారాయి. మోషే పెన్ను పక్కన పెట్టేశాడు. రేచల్ మంచినీళ్లు తెచ్చి ఇస్తే తాగి, ముఖం తుడుచుకుని, "ఆపినవేంది?" అంది ఎలీషమ్మ.

మోషే పెన్ను తీసుకున్నాడు. "లారీల ఎంతమంది ఉండిరి అక్కా?"

"ముప్పై మంది. అందరు ఎండల నడుసుకుంట పోయిన్రు, మా అత్త దప్ప. కొడుకు పెండ్లికి కాళ్లు ఈడ్సుకుంట పోతనా అని గా లారీలకెల్లి దిగనే లేదు. రాయి, గది గూడ రాయి."