క్యాప్సూల్‌గారి చావు కబురు

అమా దుఫీ మా ఆస్పత్రి మందుల విభాగానికి పెద్ద. ఆమె నోటికి భయపడనివాళ్లు మా ఊళ్లో ఇద్దరే. ఒకరు ఆమె మొగుడు, చెవుడు కాబట్టి. రెండోవాడు డాక్టర్ అదుసెయ్, ఎవరి మాటా వినడు కాబట్టి.

మందులు చూసుకోవడంతో పాటు దుఫీకి ఇంకో పని కూడా అంటగట్టారు. వైద్యంలో కొత్తగా ఏం వచ్చింది, పాతవాటిలో వేటిని మానెయ్యమన్నారు అన్నది డాక్టర్లకు ఎప్పటికప్పుడు చెప్పాలి. వినడానికి ఎంత బాగుందో చూడండి! డాక్టర్లకు చెప్పడమట!

ఆమె శుభ్రంగా ఒక పేజీ టైపు చేసి అందరి బల్లల మీదా పెట్టేది. వాళ్లు అందులో వేయించిన అరటికాయ ముక్కలు పొట్లం కట్టుకునేవారు. "మీ కాగితం నూనె భలే పీలుస్తుంది ఆంటీ" అని ఒక కుర్ర డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. టీ గదిలో గోడకు అంటిస్తే దాని మీదే కోట్లు తగిలించారు. చివరికి మరుగుదొడ్డి తలుపుకు లోపలివైపు అంటించింది. అక్కడ మాత్రం చదివారు. కానీ లోపలికి వెళ్లిన డాక్టర్లు ఎంతకీ బయటికి రావడం లేదని మేట్రన్ గోల పెట్టింది.

"వీళ్లకి చదువొచ్చి చచ్చింది గానీ చదవడం రాలేదే కొనాదూ" అని నా దగ్గర తల పట్టుకుంది దుఫీ. నేను మగవాళ్ల, ఆడవాళ్ల మెడికల్ వార్డులు రెండూ చూసే నర్సుని. ఆమె చెప్పేది వినక నాకు గత్యంతరం లేదు.

అసలు తంటా అంతా అదుసెయ్‌తోనే. చెడ్డవాడు కాదు, నిజం చెప్పాలి. చెయ్యి మంచిదని చుట్టుపక్కల ఊళ్లన్నిటా పేరు. కానీ ఆయనకొక అలవాటు ఉండేది. బీపీ బాగా పెరిగినవాళ్లు వస్తే కోటు జేబులోంచి నిఫెడిపిన్ క్యాప్సూల్ తీసి, సూదితో పొడిచి, మందును రోగి నాలుక కింద పిండేవాడు. బీపీ జర్రున దిగిపోయేది. ఆయన చప్పట్లు కొట్టమన్నట్టు మా అందరివైపూ చూసేవాడు. అలా ఒక్కసారిగా దించితే మెదడుకు రక్తం అందక కాలూ చెయ్యీ పడిపోతాయని, ఆ పద్ధతి మానమని ప్రపంచమంతా చెప్పి ఏళ్లు గడిచాయి. దుఫీ కూడా చెప్పింది.

"ఈ చేత్తో ఎంతమందిని లేపానో తెలుసా తల్లీ?" అన్నాడాయన.

"లేచినవాళ్ల సంగతి సరే డాక్టర్. పడిపోయినవాళ్ల సంగతి ఎవరు చెప్తారు?"

ఆయనకు ఒళ్లు మండింది. గోడ మీద ఇంకొక్క కాగితం కనబడితే ఆమెను గోదాముకు పంపెయ్యమని ఆస్పత్రి అధికారికి చెప్పి వచ్చాడు.

ఆ వారమే టమాటాలమ్మే ఒకావిడ తలనొప్పని నా వార్డుకి వచ్చింది. గంప నెత్తిన పెట్టుకుని, తన కాళ్ల మీద తనే నడిచి వచ్చింది. ఈయన పిండాడు. సాయంత్రానికి ఆమె కుడిచెయ్యి పక్క మీద కట్టెలా పడి ఉంది. "విధి" అన్నాడు డాక్టరు. నేను దుప్పట్ల గదిలోకి పోయి ఏడ్చాను. దుఫీ ఏడవలేదు. "ఇంకొకళ్లు పడిపోయేలోపు ఈయన చేత ఇది మాన్పించాలి. లేకపోతే గోదాముకి నేనే పోతాను" అంది.

మర్నాడు గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని అన్నం, బొబ్బర్లు తింటున్నాం. ఎదురుగోడ నిండా చావు పోస్టర్లు. బస్సు తప్పిపోతున్నవాడు కూడా ఆగి చదువుతున్నాడు. పోయిందెవరు, వయసెంత, పిల్లలెవరు, భోజనాలెక్కడ. మా ఊళ్లో చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ వదలకుండా చదివేది అదొక్కటే. దుఫీ నమలడం ఆపేసింది. "దొరికిందే!" అంది.

అచ్చాఫీసులో పోస్టరు వేయించింది. "అయ్యో, ఎంత పని జరిగింది! ఎందరి నాలుకల కిందో నానిన పెద్దమనిషి నిఫెడిపిన్ పిండుడు ఇక లేరు. పరామర్శలు అందుకునే పెద్ద: డాక్టర్ అదుసెయ్. బుధవారం ఉదయం, ఆస్పత్రి సమావేశ గదిలో." నల్ల అంచు, మధ్యలో క్యాప్సూల్ బొమ్మ. బుధవారం డాక్టర్ల సమావేశంలో గోడకు అంటించి నవ్వించాలని, ఆ నవ్వుకైనా ఆయన సిగ్గుపడతాడని ఆమె ఎత్తు.

అచ్చాఫీసువాడికి ఈ ఎత్తులేం తెలుసు? చావు పోస్టరు వేస్తే బస్టాండులోనూ పూటకూళ్ల ఇళ్ల దగ్గరా అంటించడం వాడి ఆనవాయితీ. పైగా పోస్టరు మీద డాక్టరుగారి పేరుంది. గౌరవం కొద్దీ ఇంకో కట్ట ఎక్కువ వేసి, ఆయన సొంతూరి దాకా అంటించి వచ్చాడు. పాపం ముసలాయనకు ఫొటో కూడా దొరకలేదు కాబోలు, బొమ్మతో సరిపెట్టారని జనం జాలిపడ్డారట.

బుధవారం డాక్టర్లందరూ కూర్చున్నారు. దుఫీతో పాటు నేనూ వెనక నిలబడ్డాను. పోస్టరు చూసి కుర్రవాళ్లు కిసుక్కుమంటున్నారు. అదుసెయ్ ముఖం కందగడ్డలా అయింది. ఆయన నోరు తెరిచేలోపు తలుపు తెరుచుకుంది. చావుకి కట్టే నల్ల బట్టలు, ఎర్ర బట్టలు కట్టుకుని ఆయన చుట్టాలు బారులు తీరి లోపలికి వచ్చారు. ముందు ఆయన తల్లికి అక్క, పోమా పెద్దమ్మ. దుఫీ నా చెయ్యి పట్టుకుంది. "చచ్చాన్రా దేవుడా" అని గొణిగింది.

మా వాళ్లలో పరామర్శకు వచ్చినవాళ్లను కూర్చోబెట్టాలి, మంచినీళ్లివ్వాలి, పోయినవాళ్లు ఎలా పోయారో పెద్ద చెప్పాలి. ఇది కాదనడానికి లేదు.

"పెద్దమ్మా, ఇదంతా వేళాకోళం..." అన్నాడు అదుసెయ్.

"చావు మీద వేళాకోళమా? మనింట్లో ఎవడికుందిరా ఆ బుద్ధి? పోయిందెవరో, ఎలా పోయాడో చెప్పు. అంత దూరం నుంచి లారీలో కుదుపులు తింటూ వచ్చాం."

వేళాకోళమంటే పరువు పోతుంది. చెప్పకపోతే మర్యాద పోతుంది. ఆయన దుఫీ వైపు కొరకొరా చూశాడు. తర్వాత కుర్చీ పెద్దమ్మ ముందుకు జరుపుకుని మొదలుపెట్టాడు. పోయింది మనిషి కాదు, ఒక వైద్యం అన్నాడు. దాన్ని ఎలా చేసేవారో, ఎందుకు మానమన్నారో, మెదడుకు రక్తం ఎలా ఆగిపోతుందో, దాని బదులు మెల్లగా ఎలా దించాలో, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. కుర్ర డాక్టర్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. దుఫీ నా చెవిలో "అన్నీ చదివాడే! నా కాగితాలు ఒక్కటీ వదల్లేదు" అంది. ఆ మాటలో సంతోషం లేదు. మరి తెలిసి తెలిసీ ఎందుకు చేశాడు?

పోమా పెద్దమ్మ ఆయన్ని ఇంట్లో పిలిచే పేరుతో పిలిచింది.

"క్వాబెనా, మా చెల్లి నాలుక కింద నువ్వు పిండింది ఇదేనా?"

ఆయన తల్లి ఒక పక్క పడిపోయి, ఏడాది మంచంలో ఉండి పోయిందని అందరికీ తెలుసు. ఏ మందు వేశారో ఎవరికీ తెలియదు.

"ఇదే పెద్దమ్మా."

"అప్పటికి ఇది బతికుందా, పోయిందా?"

ఆయన నేల చూశాడు. "అప్పటికే పోయింది. నేనే ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఒప్పుకుంటే, అమ్మను పడగొట్టింది నేనేనని కూడా ఒప్పుకోవాలి."

ఆయన మీదున్న కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

పెద్దమ్మ లేచి తన తలకు కట్టుకున్న ఎర్రగుడ్డ విప్పింది. ఆయన జబ్బకు ముడి వేసింది. "ఇన్నేళ్లూ దీన్ని ఒక్కడివే మోశావట్రా? ఏడువు నాయనా. ఏడవడానికేగా వచ్చాం" అంది. డాక్టర్ అదుసెయ్ మా అందరి ముందూ భోరుమన్నాడు. చుట్టాలంతా శోకాలు అందుకున్నారు. కుర్ర డాక్టర్లు ఏం చెయ్యాలో తోచక లేచి నిలబడ్డారు.

కాసేపటికి ఆయన కళ్లు తుడుచుకుని కోటు జేబులో చెయ్యి పెట్టాడు. ఉన్న క్యాప్సూళ్లన్నీ తీసి దుఫీ దోసిట్లో పోశాడు.

"పూడ్చిపెట్టెయ్ తల్లీ" అన్నాడు.